వాపసు లేని సరుకు

మన తండాల్లో డబ్బు పెట్టి కొనే ప్రతి సరుకుకూ వెనక్కి పోయే దారి ఒకటి ఉంటుంది. సంతలో కొన్న చెప్పు వారానికే తెగితే తీసుకుపోయి అంగడివాని ముందు పడేస్తాం. విత్తనక్కాయ మొలవకపోతే వ్యవసాయ ఆఫీసు ముందు కూర్చుంటాం. రేషన్ బియ్యంలో పురుగులుంటే డీలరుతో గొడవ పడతాం. మేకకు రోగముందని దాచిపెట్టి అమ్మితే నాయక్‌నూ కారోబారినీ కూర్చోబెట్టి పంచాయితీ చేసి డబ్బు రాబట్టుకుంటాం. అన్నిసార్లూ న్యాయం జరుగుతుందని కాదు. కొన్నిసార్లు సగమే వస్తుంది, కొన్నిసార్లు తిట్లే వస్తాయి. అయినా అడిగే నోరు మనకుంది. అడిగితే తప్పనేవాడు లేడు.

ఒక్క సరుకుకు మాత్రం ఈ దారి లేదు. అది బ్రాందీ షాపులో కొన్న సీసా. అది అంగడి కిటికీ దాటి ఇవతలికి వచ్చిందంటే ఇక అమ్మినవానికీ దానికీ సంబంధం తెగిపోతుంది. లోపల ఏముందో మనమే చూసుకోవాలి. తాగి పడిపోతే మనమే మోసుకోవాలి. ఖాళీ అయితే మన చేలో, మన బడి వెనక, మన వంకలో పడి ఉంటుంది. డబ్బు మాత్రం ఆ కిటికీ లోపలే ఉండిపోతుంది.

తోటి టీచర్లకూ, తండాల్లో చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పదలచింది ఒకటే మాట. అమ్మినవాడు వెనక్కి తీసుకోవాలి. అనుమానమున్న సీసాను వెనక్కి తీసుకోవాలి. ఖాళీ సీసాను వెనక్కి తీసుకోవాలి. తండాలోకి దొంగదారిన దించిన సరుకును కూడా వెనక్కి తీసుకుపోవాలి. ఈ మూడు వాపసుల కోసం మనం నోరు తెరవకపోతే మన తరఫున తెరిచేవాళ్లు ఎవరూ లేరు.

మొదటిది అనుమానమున్న సీసా.

2025 అక్టోబరు మొదట్లో ములకలచెరువులో ఎక్సైజ్ అధికారులు కల్తీ మద్యం తయారుచేసే స్థావరాన్ని పట్టుకున్నారు. ములకలచెరువు మనకు పరాయి ఊరు కాదు. అనంతపురం నుంచి కదిరి మీదుగా మదనపల్లెకు పోయే రోడ్డు మీదే ఉంది. తలుపుల, తనకల్లు వైపు తండాల నుంచి బెంగుళూరుకు కూలికి పోయేవాళ్లు ఆ పక్క దార్లలోనే తిరుగుతారు. అక్కడ తయారైనది ఎన్ని ఊళ్లకు పోయిందో, ఎవరి కడుపులోకి పోయిందో కేసు తేల్చాలి. ఆ వార్త వచ్చిన రోజుల్లో మన తండాల్లో ఎవరి దగ్గరైనా సగం తాగిన సీసా ఉంటే ఏం చేసి ఉంటారు? కొన్న అంగడికి తీసుకుపోయి, ఇది మంచిదో చెడ్డదో చెప్పండి, చెడ్డదైతే నా డబ్బు నాకివ్వండి అని అడిగినవాళ్లు ఉన్నారా? నేను ఒక్కరినీ చూడలేదు. పారబోసినవాళ్లు ఉంటారు. ఏమైతే అదవుతుందని తాగేసినవాళ్లు అంతకన్నా ఎక్కువ ఉంటారు.

ఆ తర్వాత ప్రభుత్వం సురక్షా యాప్ అని ఒకటి తెచ్చింది. సీసా మీదున్న క్యూఆర్ కోడును స్కాన్ చేస్తే అది అసలుదో నకిలీదో తెలుస్తుందని, స్కాన్ చేశాకే అమ్మాలని చెప్పింది. మంచిదే. అయితే ఒక ప్రశ్న మిగిలింది. స్కాన్ చేసే ఫోన్ లేనివాడు, ఇంటికి తెచ్చాక అనుమానం వచ్చినవాడు, వాసన తేడాగా ఉందని మూత మళ్లీ బిగించినవాడు ఎక్కడికి పోవాలి? సీసా నకిలీదని యాప్ చెబుతుంది. దాన్ని పట్టుకుని ఎవరి ముందు నిలబడాలో చెప్పదు.

చట్టం మాత్రం చెబుతుంది. ఇది టీచర్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఆహారం అంటే ఏమిటో చెబుతూ మద్యాన్ని కూడా ఆ నిర్వచనంలో చేర్చింది. అంటే చట్టం కంటికి క్వార్టర్ సీసా కూడా బిస్కెట్ ప్యాకెట్ లాగే, నాణ్యతకు జవాబు చెప్పుకోవలసిన సరుకు. మద్యంలో ఏముండాలి, ఏది ఎంతకు మించకూడదు, లేబుల్ మీద ఏం రాయాలి అని విడిగా నిబంధనలు 2018లో వచ్చి, 2019 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి.

ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం. దాని 2వ సెక్షన్ 47వ క్లాజులో అన్యాయపు వ్యాపార పద్ధతులంటే ఏమిటో వరసగా ఉంది. సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడం అందులో ఒకటి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనని, డబ్బు తిరిగి ఇవ్వనని మొండికేయడం ఇంకొకటి. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులోపల, రాయకపోతే 30 రోజుల్లోపల డబ్బు తిరిగివ్వాలి. ఆ క్లాజులో బ్రాందీ షాపుకు ఇది వర్తించదు అని ఎక్కడా లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. ఫోన్ చేయాలంటే 1915 ఉంది.

హక్కు ఉంది. మరి ఎందుకు అడగం? ఎందుకంటే చేతిలో బిల్లు లేదు. ఏ అంగడిలో, ఏ రోజు, ఏ సీసా కొన్నామో చూపించే చిన్న కాగితం ముక్క లేదు. కాగితం లేనివాడు ఏ ఆఫీసు ముందు నిలబడినా తాగుబోతే అవుతాడు గానీ వినియోగదారుడు కాడు.

ఈ జిల్లా మనుషులకు కాగితం విలువ ఇంకొకరు నేర్పనక్కర్లేదు. ఉపాధి హామీ పని దేశం మొత్తానికి మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆ తర్వాత ఏళ్లలో మస్టర్ అంటే ఏమిటో, కొలత అంటే ఏమిటో, సామాజిక తనిఖీ అంటే ఏమిటో అక్షరం రాని అక్కలు కూడా నేర్చుకున్నారు. నా పేరు మీద ఎన్ని రోజులు రాశావు, ఎంత పడింది, చదివి చెప్పు అని సభలో లేచి నిలబడి అడిగారు. రోజు కూలికి లెక్క అడిగిన మనం ఆ కూలిని మింగేదానికి లెక్క అడగడం లేదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. క్వార్టర్ 99 రూపాయలు. ఎండలో మట్టి తవ్వి సంపాదించిన దానిలో మూడో వంతు ఒక్క సీసాకు పోతోంది. 307కు మస్టర్ ఉంది, 99కి చీటీ లేదు. ఇదెక్కడి న్యాయం?

అటువైపు చూడండి. 2019 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే అంగళ్లు పెట్టి మద్యం అమ్మింది. 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. చాలాకాలం ఆ అంగళ్లలో నగదు తప్ప ఇంకేదీ తీసుకోలేదు. టీ కొట్టులో పది రూపాయలకు ఫోన్ చూపిస్తే చాలిన రోజుల్లో, ప్రభుత్వ అంగడికి మాత్రం నోట్లే కావాలి. అంటే కొన్నవాని దగ్గర బ్యాంకు రుజువు కూడా మిగలదు. 2024లో ప్రభుత్వం మారింది, విధానం మారింది. 3,396 ప్రైవేటు అంగళ్లకు లాటరీ తీశారు. అక్టోబరు 16 నుంచి కొత్త అంగళ్లు తెరిచారు. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు కట్టించుకున్నారు. 89,882 దరఖాస్తులు వచ్చాయి. వాటి మీదనే దాదాపు 1,797 కోట్లు వచ్చాయి. లాటరీలో పేరు రాకపోయినా ఆ 2 లక్షలు వెనక్కి రావని ముందే చెప్పారు. వాపసు లేని సరుకు అంగడిలోకి రాకముందే వాపసు లేని డబ్బు ఖజానాలోకి పోయింది. అంత పెట్టి అంగడి తెచ్చుకున్నవాడు మన 99 రూపాయలు వెనక్కి ఇస్తాడా? మనకై మనం అడిగితే ఇవ్వడు. ప్రభుత్వం చెబితేనే ఇస్తాడు. అందుకే అడగవలసింది ప్రభుత్వాన్ని. ప్రతి సీసాకు బిల్లు. బిల్లు మీద అంగడి పేరు, బ్యాచ్ నంబరు, తేదీ. ఏ లోపానికి, ఎన్ని రోజుల్లో, ఎలా వెనక్కి తీసుకుంటారో కిటికీ మీద పెద్ద అక్షరాల్లో బోర్డు.

ఇక్కడ ఒకడు లేస్తాడు. సార్, మీరు చెప్పినట్టు చేస్తే సగం తాగి నీళ్లు కలిపి తెచ్చి డబ్బు ఇమ్మంటారు, అంటాడు. నిజమే, అలాంటివాళ్లూ ఉంటారు. దానికి ఉపాయాలు లేవా? మూత విప్పని సీసాను బిల్లు చూసి అక్కడికక్కడే తీసుకోవచ్చు. మూత విప్పిన సీసా మీద అనుమానముంటే సీలు వేసి, రసీదు ఇచ్చి, ప్రయోగశాలకు పంపి, తప్పు తేలితేనే డబ్బివ్వచ్చు. కెనడాలో ఒంటారియో అనే రాష్ట్రముంది. మన తెలుగువాళ్లు కూడా చాలామంది అక్కడ ఉంటున్నారు. అక్కడ ప్రభుత్వ సంస్థే మద్యం అంగళ్లు నడుపుతుంది. బిల్లు ఉంటే 30 రోజుల లోపల సీసాను వాపసు ఇచ్చుకోవచ్చు. ఆ సంస్థ దివాలా తీయలేదు. అక్కడి తాగేవాళ్లు మనకన్నా నిజాయితీపరులనీ ఎవరూ నిరూపించలేదు. తేడా అంతా అమ్మినవాడు జవాబుదారీ అని రాసిపెట్టుకోవడంలో ఉంది.

రెండోది ఖాళీ సీసా.

తండాలో బడి నడిపే ప్రతి టీచరుకూ ఇది తెలుసు. సోమవారం పొద్దున గేటు తీయగానే మొదటి పని పిల్లలను లోపలికి పిలవడం కాదు, వరండా మీద గాజుపెంకులు ఊడ్చడం. ఆవరణకు గోడ లేని బడి, ఊరికి కాస్త ఎడంగా ఉండే బడి, చీకటి పడితే ఎవరూ తిరగని బడి, తాగేవాళ్లకు అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? మన పిల్లల్లో చెప్పుల్లేకుండా వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎర్రనేలలో గాజుపెంకు కనపడదు. మొదటి వాన పడ్డాక గుంటక తోలితే పైకి తేలుతుంది. శనక్కాయ పెరికే రోజుల్లో ఆడవాళ్ల వేళ్లకు తగులుతుంది. జీవాలు మేపేవాళ్లను అడగండి, ఏడాదిలో ఎన్ని మేకల గిట్టల్లోంచి గాజు తీశారో చెబుతారు. ప్లాస్టిక్ సీసాలైతే వంకలో కొట్టుకుపోయి కుంటలో చేరతాయి. లేదంటే చలికాలం మంటలో కాలుతాయి, ఆ పొగ చుట్టూ కూర్చున్న పిల్లలు పీలుస్తారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా దాటడం కష్టమైన ఈ నేలలో నీళ్లు నిలిచే ప్రతి కుంటా మనకు బంగారం. ఆ బంగారంలో ఎవడో అమ్మిన చెత్త నిండుతోంది.

ఈ సీసాలను ఎవరు ఏరుతారు? మన పిల్లలే. గుజిరీ అంగట్లో అమ్మితే చిల్లర వస్తుందని బడి మానేసి సంచులు పట్టుకుని తిరిగే పిల్లలు ఉన్నారు. తండ్రి తాగి పారేసిన సీసాను కొడుకు ఏరి అమ్మి బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుంటాడు. దాన్ని మనం చూసి, పాపం అనుకుని, హాజరు పట్టీలో సున్నా చుట్టి ఊరుకుంటున్నాం.

తమిళనాడు ఏం చేసిందో వినండి. నీలగిరి జిల్లాలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2022 మే నుంచి ప్రభుత్వ మద్యం అంగళ్లలో సీసాకు 10 రూపాయలు ఎక్కువ తీసుకోవడం మొదలుపెట్టారు. ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ 10 రూపాయలు తిరిగి ఇస్తారు. తర్వాత ఆ పద్ధతిని మిగతా జిల్లాలకూ విస్తరించారు. 2025లో కేరళ కూడా ప్లాస్టిక్ సీసాలకు 20 రూపాయల చొప్పున అలాంటిదే మొదలుపెట్టింది. ఒంటారియోలో ఈ పద్ధతి 2007 నుంచి ఉంది. జర్మనీలో బీరు సీసా వెనక్కి ఇస్తే 8 సెంట్లు చేతిలో పెడతారు. అదే సీసాను కడిగి మళ్లీ నింపుతారు.

నీలగిరి మాట ఎందుకు ఎత్తానంటే అది తోడాలు, కోతాలు, కురుంబలు, ఇరులలు ఉండే ఆదివాసుల కొండ. అక్కడ కోర్టు మనసు కదిలింది అడవిలో పగిలిన సీసాలు ఏనుగుల పాదాల్లో దిగుతున్నాయని. మంచిది, ఏనుగు పాదం కూడా పాదమే. అయితే తండా పిల్లవాని పాదం సంగతేమిటి? ఏనుగులు లేని అనంతపురంలో పాదాలు లేవా? ఏనుగు కోసం వచ్చిన ఆదేశం మన పిల్లల కోసం రావాలంటే వాళ్ల పాదాల గోడు కూడా ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి. ఆ ఎవరో ఒకరు టీచరు కాకపోతే ఇంకెవరు?

సీసాకు 10 రూపాయలంటే చిన్న మొత్తం అనుకోకండి. రోజుకు ఒక క్వార్టర్ తాగే మనిషికి ఏడాదికి 365 సీసాలు, 3,650 రూపాయలు. ఆ డబ్బు ఇంటికి తిరిగి రావాలంటే సీసా అంగడికి తిరిగి పోవాలి. చేలో పగలగొట్టిన ప్రతిసారీ 10 రూపాయలు పగిలినట్టు. ఇక సీసా మోయడం పెద్దవాళ్ల పనే కావాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాడు ఖాళీ సీసా తెస్తే అంగడివాడు తీసుకోకూడదని కూడా రాయించాలి. లేకపోతే గుజిరీ అంగడికి పోయే పిల్లవాడు రేపు బ్రాందీ షాపు ముందు వరసలో నిలబడతాడు. అది మనం కోరే వాపసు కాదు.

మూడోది తండాలోకి దించిన సరుకు. అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

లైసెన్సు అంగడి మండల కేంద్రంలో ఉంటుంది. తండాకు వచ్చేది దాని తోక, బెల్టుషాపు. కిరాణా కొట్టు గంపల వెనక, ఎవరి ఇంటి మంచం కిందో, మోటారు సైకిల్ సంచిలో. ధర మీద పదో ఇరవయ్యో ఎక్కువ. అప్పు కూడా ఇస్తారు. శనక్కాయ పంట వచ్చాక తీర్చమంటారు. పంట వస్తే అది వాళ్లకే పోతుంది. రాకపోతే మనిషి బెంగుళూరు బస్సెక్కుతాడు. సరిహద్దు ఊళ్లలో కర్ణాటక నుంచి చిన్న పొట్లాలు కూడా వస్తాయి. బెల్టుషాపుకు సరుకు పంపిన దుకాణానికి మొదటిసారి 5 లక్షలు జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని 2024లో ప్రభుత్వమే చెప్పింది. మన తండాలో దొరికిన సీసా ఏ దుకాణం నుంచి వచ్చిందో దాని మీదున్న కోడే చెబుతుంది. నకిలీని పట్టుకునేందుకు పనికొచ్చే కోడు బెల్టుషాపును పట్టుకునేందుకు ఎందుకు పనికిరాదు? పనికొస్తుంది. పట్టుకోవాలన్న మనసే లేదు.

మరి తండా తనకు తానే ఈ సరుకును వెనక్కి పంపలేదా? ఇక్కడ మన మెడకు ఒక ముడి ఉంది. యువకులు దాన్ని అర్థం చేసుకోవాలి. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, అదుపుచేసే అధికారం గ్రామసభకు ఉండాలని చెప్పింది. కానీ అది ఐదో షెడ్యూలు ప్రాంతాలకే. పాడేరులో, రంపచోడవరంలో ఉన్న మన సోదరులకు కాగితం మీదనైనా ఆ హక్కుంది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో సుగాలీలం, ఎరుకలవాళ్లం, యానాదులం షెడ్యూల్డ్ తెగలమే గానీ షెడ్యూల్డ్ ప్రాంతంలో లేము. తెగ పేరు ఉంది, నేల పేరు లేదు. పైగా మన తండాల్లో చాలావాటికి సొంత పంచాయతీ కూడా లేదు, పక్క ఊరికి మజరాగా ఉన్నాయి. తెలంగాణలో 2018 చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. ఇక్కడ మన మాట పెద్ద ఊరి గ్రామసభలో చివరి వరసలో కూర్చుంటుంది. కాబట్టి మన కోరిక స్పష్టంగా ఉండాలి. మైదాన ప్రాంతపు తండాకు కూడా తన పొలిమేరలో మద్యం వద్దని తీర్మానించే హక్కు ఇవ్వాలి. ఆ తీర్మానం అందిన వారం లోపల ఎక్సైజ్ అధికారి వచ్చి సరుకును లైసెన్సు దుకాణానికి కట్టాలి, కేసు దుకాణం మీద రాయాలి.

ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. తండా మీదకు జీపులు వచ్చేది నాటుసారా కోసం. బెల్లం ఊట పారబోస్తారు, తెల్లతుమ్మ చెక్క పట్టుకుంటారు, తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. నేను నాటుసారాను వెనకేసుకు రావడం లేదు. అది మన ఇళ్లలో మగ్గిన విషమే. మన చేత్తో కాచినంత మాత్రాన పవిత్రం కాదు. దాని మీద కేసులు పెట్టండి, కాచే ఇంటికి వేరే బతుకుదెరువు చూపించండి. కానీ కాచిన సుగాలీ మనిషికి కేసు, తండాకు సీసాలు దించిన షావుకారుకు లాటరీ, ఈ లెక్క కుదరదు.

మనలోనే కొందరు ఇంకో మాట అంటారు. దారు మన ఆచారం, దేవుడికి పోయకుండా మన పండుగ జరగదు, పెళ్లిలో పెద్దమనుషుల ముందు గిన్నె తిరగకుండా మాట ముడిపడదు అని. ఆచారంలో ఉన్నది పెద్దల ముందు, అందరూ చూస్తుండగా, ఆ పూటకు తిరిగిన గిన్నె. ఫ్యాక్టరీలో నింపి, లేబుల్ అంటించి, మంచం కింద దాచి అప్పుమీద అమ్మే క్వార్టర్ ఏ దేవుడి ఆచారం? గుత్తి దగ్గర సేవాగఢ్‌కు ఫిబ్రవరిలో బండ్లు కట్టుకుని పోతాం. సేవాలాల్ మహరాజ్ మత్తు వద్దని చెప్పాడని పిల్లలకు చెబుతాం. తిరుగు ప్రయాణంలో దారిలోని షాపు ముందు బండి ఆపుతాం. ఆచారం పేరు ఎత్తేవాళ్లు ముందు ఈ ఆపడం గురించి మాట్లాడాలి.

ఇంకా కొందరు మంచివాళ్లు ఉన్నారు. ఈ బిల్లులూ వాపసులూ ఎందుకు, మొత్తం నిషేధించమని అడగండి అంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానివ్వలేదు. చదువు పుస్తకంలోని ఒక పాఠం వాళ్లకు నిప్పంటించింది. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. సారా వేలంపాటలను ఆపారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆదాయం పోయిందన్నారు, దొంగసరుకు పెరిగిందన్నారు. సర్కారు తెచ్చిన నిషేధాన్ని సర్కారే తీసేసింది. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా కట్టడికి అంగళ్లు మూతపడితే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. తాగుడు రోగమైన మనిషికి అంగడి తలుపు మూయడం ఒక్కటే వైద్యం కాదని ఆ చావులు చెప్పాయి.

నిషేధం కావాలంటే కావాలనే అందాం. రాజ్యాంగం 47వ అధికరణం కూడా ఆ మాటే అంటోంది. కానీ అది వచ్చేవరకు అమ్మకం జరుగుతూనే ఉంటుంది గదా? అమ్ముతున్నంతకాలం అమ్మినవాడు జవాబు చెప్పాలి. దూబగుంట ఆడవాళ్లు చేసింది కూడా ఒక వాపసే. ఊరు అడగని సరుకును ఊరు తిప్పి పంపింది. దానికి మూలం ఒక వాచకం, ఒక రాత్రిబడి. తాగుడు గురించి సర్కారు ఆజ్ఞ కన్నా ముందు కదిలింది చదువు. ఆ సంగతి టీచర్లమైన మనమే మరిచిపోతే ఎలా?

తాగేవానికి హక్కులేమిటి, తాగకుండా ఉంటే సరిపోతుంది గదా అనేవాళ్లకు ఒక్క మాట. నేను తాగేవాని తరఫున మాట్లాడడం లేదు. కల్తీ సీసా తాగి మనిషి పోతే మిగిలేది ముప్పై ఏళ్ల యాడీ, బడి మానేసే కూతురు. గాజు గుచ్చుకునేది తాగనివాని కాలికి. అప్పు తీర్చేది తాగని చేతులు. వాపసు హక్కు వాళ్లది.

అందుకని రాబోయే నెలల్లో చేయగలిగిన పనులు చెబుతాను. ఒక్కో తండాలో చదువుకున్న ఇద్దరు యువకులు మండల కేంద్రంలోని అంగడికి పోయి బిల్లు ఇస్తున్నారో లేదో చూడండి. ఇవ్వకపోతే తేదీ, సమయం, ధర రాసుకోండి. పది అంగళ్ల వివరాలు ఒక కాగితం మీదకు వస్తే అది ఫిర్యాదు అవుతుంది. 1915కు చెప్పండి, జిల్లా కమిషన్‌కు రాయండి. తండాలో దొరికిన బెల్టుషాపు సీసా కోడును ఫోటో తీసి ఎక్సైజ్ ఆఫీసులో రాతమూలకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఒంటరిగా పోకండి, నలుగురు పోండి, అక్కల సంఘాన్ని ముందు పెట్టుకుని పోండి.

టీచర్లు చేయవలసింది ఇంకొకటి ఉంది. ఒక నెలపాటు బడి ఆవరణలో దొరికిన సీసాలు మీరే ఏరి, రోజువారీ లెక్క నల్లబల్ల మూలన రాయండి. పిల్లల చేత ముట్టించకండి, లెక్క మాత్రం వాళ్ల చేత కట్టించండి. ఐదో తరగతి పిల్లకు గుణకారం నేర్పేటప్పుడు రోజుకు 99 అయితే నెలకెంత, ఏడాదికెంత అని అడగండి. 36,135 అని తేలుస్తుంది. ఆ అంకె ఇంటికి పోయి రాత్రి అన్నం దగ్గర అడుగుతుంది. ఆ నెల లెక్కను పేరెంట్స్ కమిటీ సమావేశంలో చదివి తీర్మానం రాయించి ఎంఈఓకు, కలెక్టరు గ్రీవెన్సుకు పంపండి. ఈ బడి ఆవరణలో ఇన్ని సీసాలు దొరికాయి, వీటిని అమ్మినవాళ్లు వచ్చి తీసుకుపోవాలి అని రాయండి. గ్రీవెన్సు సోమవారాల్లో జరుగుతుంది. నలభై తండాల నుంచి ఒకే సోమవారం ఒకే కోరికతో నలభై కాగితాలు వస్తే ఏ కలెక్టరూ వాటిని పక్కన పెట్టలేడు.